రాయి వెంట వచ్చిన ప్రాణి ఏదో తేలేదాకా చేయి ఆపాలి

తెల్లటి ప్లాస్టిక్ టబ్బులో సముద్రపు నీరు, మధ్యలో కొబ్బరికాయంత రాయి. పగలు చూస్తే అది గులాబీ, ఊదా మరకలు పట్టిన సున్నపు ముద్ద, అంతే. గదిలో దీపాలు ఆర్పి ఒక గంట ఆగి, టార్చికి ఎర్ర జిలెటిన్ కాగితం చుట్టి వెలుగు వేస్తే ఆ ముద్ద నిండా కదలిక. ఒక చీలికలోంచి దారాల్లాంటి రెండు చేతులు బయటికి వచ్చి నీటిని తడుముతుంటాయి. మరో కన్నంలోంచి జెర్రిని పోలిన జీవి సగం ఒళ్లు చాపి, అడుగున పడిన మేత ముక్కను కరచుకుని చటుక్కున లోపలికి జారుకుంటుంది. బియ్యపు నూకలంత పురుగులు పక్కకు ఒరిగి ఈదుతూ నీడలోకి పోతాయి. రాయి లోపల ఎక్కడో ‘టక్’మని చప్పుడు. పగడాల అక్వేరియం పెట్టినవారందరికీ ఇలాంటి రాత్రి ఒకటి ఎదురవుతుంది. ఆ వెంటనే కంగారు మొదలవుతుంది. ఇవన్నీ ఎక్కడివి? ఉంచాలా, చంపాలా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి నెల్లూరు, ప్రకాశం తీరానికి కొత్తది కాదు. రొయ్యపిల్ల కొనే రైతు హేచరీలో తెల్ల బేసిన్ అడుగుతాడు. పిల్లను అందులో పోయించి వెలుతురుకు పట్టి చూస్తాడు. పేగు నిండుగా ఉందా, కాళ్లూ మీసాలూ సరిగ్గా ఉన్నాయా, నీటిని చేత్తో గుండ్రంగా తిప్పితే పిల్ల ప్రవాహానికి ఎదురీదుతోందా, లేక మధ్యలోకి చేరి కుప్పపడుతోందా అని గమనిస్తాడు. అంగుళం కూడా లేని ప్రాణి ఒంటి తీరును బట్టి, నడవడిని బట్టి దాని సంగతి చెప్పే చూపు అది. లైవ్ రాక్, అంటే తొట్టెలో పెట్టే ఆ రాయి, వెంట వచ్చిన జీవులను పోల్చుకోవడానికీ ఆ చూపే కావాలి. పేరు తర్వాత తెలిసినా ఫరవాలేదు. ముందు తెలియాల్సింది ఒంటి నిర్మాణం, తిండి, వేళ. ఫోనులో తీసిన మసక ఫొటోను మరో ఫొటోతో పోల్చి పేరు పెట్టేయడం వల్లనే ఈ వ్యాపకంలో ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. మేలు చేసే జీవులు చచ్చేదీ, కీడు చేసేవి పెరిగి తొట్టె అంతా పరుచుకునేదీ ఆ పొరపాట్లతోనే.

లైవ్ రాక్ అంటే ప్రాణమున్న రాయి కాదు, ప్రాణులున్న రాయి. తుఫానులకు, అలలకు విరిగిన పగడాల అస్థిపంజరాలు సముద్రం అడుగున ఏళ్ల తరబడి పడి ఉంటే వాటి సందుల్లో బ్యాక్టీరియా, పైన సున్నపు నాచు, స్పంజికలు, పురుగులు, పీతలు, నత్తలు కాపురం పెడతాయి. అక్వేరియంలో ఆ రాయికి ఉన్న విలువ దాని బ్యాక్టీరియాలోనే ఉంది. చేపల వ్యర్థం నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది అదే. గాలి చొరబడని లోపలి పొరల్లో ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. చెరువు గట్టు మీద అమ్మోనియా పరీక్ష చేసి చేసి అలవాటైన ఆక్వా రైతుకు ఈ లెక్క కొట్టిన పిండి. ప్రపంచ మార్కెట్‌కు ఇలాంటి రాయి చాలాకాలం ఫిజీ, ఇండోనేసియా దీవుల నుంచి వచ్చింది. ఫ్లోరిడాలో సహజమైన రాయి తీయడాన్ని నిషేధించాక, గనుల్లో తవ్విన సున్నపురాయిని సముద్రంలో దింపి, జీవులు పట్టాక పైకి తీసే సాగు మొదలైంది.

మన దేశంలో చట్టం మరింత గట్టిది. గట్టి పగడాలను, సముద్రపు విసనకర్రలనే పగడపు జాతులను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. మన్నార్ సింధుశాఖలోనో, అండమాన్‌లోనో పగడపు రాయి ఏరి తేవడం నేరం. విదేశాల నుంచి తేవాలన్నా గట్టి పగడాలు వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నందున అనుమతి పత్రాలు తప్పనిసరి. కనుక నెల్లూరులో ఉప్పునీటి తొట్టె పెట్టేవారు చట్టం దాటకుండా, అనుమతుల చిక్కు లేకుండా చేయగలిగింది ఒకటే. పింగాణీతోనో సిమెంటుతోనో పోతపోసిన పొడిరాయి కొని, అందులో జీవం నెమ్మదిగా పట్టేదాకా ఓపిక పట్టాలి.

పొడిరాయితో మొదలుపెట్టినా చుట్టాలు రాక మానరు. మరో తొట్టెలోంచి తెచ్చిన నాచు గుత్తి, ఇసుక గుప్పెడు, మెత్తని పగడం అంటిన చిన్న బిళ్ల, నత్త వీపు, ఇవన్నీ వాటికి వాహనాలే. సుమారు 175 కిలోమీటర్ల దూరంలోని చెన్నై రంగుచేపల అంగళ్ల నుంచి వచ్చే ప్లాస్టిక్ సంచిలో చేప ఒక్కటే రాదు. మైపాడు దగ్గర పట్టిన సముద్రపు నీటితోనూ వస్తాయి. హేచరీలు సముద్రం నుంచి తోడిన నీటిని ఇసుక ఫిల్టర్లతో వడకట్టి, క్లోరిన్ వేసి, అతినీలలోహిత దీపాల కింద పంపేది ఊరికే కాదు. పడవల అడుగున, పైపుల లోపల రాయిలా పట్టేసే బార్నకిళ్లు, ఆలిచిప్పలు పుట్టినప్పుడు కంటికి కనిపించని ఈదే పిల్లలు. వడకట్టని నీటిలో అవి తొట్టెలో దిగి, కొన్నాళ్లకు అద్దానికి అంటుకుని కనిపిస్తాయి.

మన తీరంలో పగడపు దిబ్బలు లేవు. పెన్నా, కృష్ణ, గోదావరి నదులు తెచ్చే ఒండ్రుతో నీరు మురికిగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వరదలు, ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే ప్రవాహం కలిసి తీరపు నీటి ఉప్పదనాన్ని బాగా దించేస్తాయి. పగడాలకు కావలసింది 35 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో 35 పాళ్ల ఉప్పు) దగ్గర నిలకడగా ఉండే తేట నీరు. అందుకే తొట్టెలోకి వచ్చే జీవుల్లో సగం మనకు కొత్త. మిగతా సగానికి దగ్గరి బంధువులు మన వలల్లో, మన హేచరీల్లో ఎప్పటి నుంచో ఉన్నారు.

జెర్రిలా కనిపించిన ఆ జీవి సంగతే చూద్దాం. అది పాలీకీట్, వానపాముకు సముద్రపు బంధువు. ఒళ్లంతా ఖండితాలు, ఒక్కో ఖండితానికి రెండు పక్కలా శూకాల, అంటే ముళ్లలాంటి వెంట్రుకల, గుత్తులు. భూతద్దం కింద పెడితే ఆ శూకాలు గాజునారలా మెరుస్తాయి. చేతికి తగిలితే గొంగళి రోమాలు గుచ్చుకున్నట్లు మంట, దద్దురు. మెరుపుతోనూ మంటతోనూ ఈ జాతికి చెడ్డపేరు వచ్చింది. నిజానికి తొట్టెల్లో ఎక్కువగా కనిపించే గులాబీ, నారింజ రంగు శూకపురుగులు చచ్చిన వాటినీ మిగిలిన మేతనూ తిని బతికే పాకీ పనివాళ్లు. చేప చచ్చి రాతి సందులో ఇరుక్కుంటే మనిషి చేయి పోని చోటికి పోయి, తెల్లారేసరికి శుభ్రం చేసేది అవే. వాటి మధ్య చచ్చిన చేపను చూసినవారు పురుగులే చంపాయనుకుంటారు. పీనుగు మీద వాలిన కాకి మీద హత్యానేరం మోపడం లాంటిది ఇది.

మన హేచరీలలో తల్లి రొయ్యలకు పెట్టే విలువైన మేతల్లో పాలీకీట్ పురుగులు ముఖ్యమైనవి. గుడ్లు బాగా పట్టాలని వాటిని కొని పెడతారు. కనుక ఈ తీరంలో పాలీకీట్‌ను చూసి హడలిపోవాల్సిన పని లేదు, దాన్ని చూసిన కళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ఇంకో విషయం కూడా ఆ కళ్లకు తెలుసు. బయటి బురదలో తవ్విన పాలీకీట్‌లు రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్‌ను మోసుకురాగలవని మన దేశంలోనే పరిశోధనలు తేల్చాయి. ఒక జీవి తొట్టెకు మేలు చేస్తూనే పక్కనున్న చెరువుకు ముప్పు కావచ్చు. ఈ మాట చివరలో మళ్లీ వస్తుంది.

మరి చెడ్డ పురుగును ఎలా పట్టుకోవాలి? తల చూడాలి. మామూలు శూకపురుగు తల చిన్నది, నెమ్మదైనది. అట్లాంటిక్ వైపు రాళ్లతో వచ్చే అగ్నిపురుగు, అంటే హెర్మోడైస్, బొద్దుగా ఉంటుంది. తల మీద మడతలు పడిన కండ ముద్ద, శూకాల పక్కన ఎర్రటి మొప్పల గుత్తులు దాని గుర్తులు. అది పగడాన్ని కొమ్మ చివరి నుంచి నోట్లోకి దిగమింగినట్లు కప్పేసి, కండ తినేసి తెల్లని ఎముక వదిలి వెళుతుంది. యూనిసిడ్ జాతి పురుగు గుర్తులు ఇంకా స్పష్టం. తల ముందు ఐదు మీసాలు, ఒంటి మీద నూనె పడిన నీటిలా రంగులు మారే మెరుపు, లోపల కత్తెరలాంటి దవడలు. చిన్నవి చాలావరకు నాచు, చెత్త తింటాయి. ఈ కుటుంబంలో పెద్దది బాబిట్ పురుగు. ఇంగ్లండులోని న్యూక్వే పట్టణంలో ఒక ప్రదర్శనశాల తొట్టెలో పగడాలు తెగి పడుతుంటే, చేపలకు గాయాలవుతుంటే ఎన్నాళ్లకూ కారణం తెలియలేదు. చివరకు 2009లో రాళ్లన్నీ ఒక్కొక్కటిగా విప్పి చూస్తే నాలుగడుగుల పురుగు బయటపడింది. చిన్నప్పుడు రాయి వెంట వచ్చి ఆ చీకట్లోనే పెరిగింది. ఐదు మీసాలు లెక్కపెట్టడం ఒక్కటి వచ్చి ఉంటే ఎన్నో తొట్టెల్లో ఇలాంటి కథ మొదట్లోనే ఆగుతుంది. శూకాలు గుచ్చుకుంటే రుద్దకూడదు. అంటుకునే టేపు వేసి పీకాలి. చేతొడుగు లేకుండా రాయి పట్టుకోకపోవడం అంతకన్నా మంచిది.

పురుగుల తర్వాత ఎక్కువ గందరగోళం పువ్వుల దగ్గర. రాతి మీద గోధుమ రంగు చిన్న పువ్వు విచ్చుకుంటే కొత్తవారు సంబరపడతారు, పగడం పుట్టిందని. నూటికి తొంభైసార్లు అది ఐప్టేసియా అనే సీ అనిమోన్ (పువ్వులా కనిపించే, కుట్టే సముద్ర జంతువు) అయి ఉంటుందని అనుభవజ్ఞులు హెచ్చరించడం అతిగా అనిపించవచ్చు. కానీ ఆ హెచ్చరిక పెడచెవిని పెట్టినవారి తొట్టె ఏడాది తర్వాత చూస్తే నమ్మక తప్పదు. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. ఐప్టేసియా కాడ పొడుగ్గా, గాజులా పారదర్శకంగా ఉంటుంది. నోటి చుట్టూ ఉండే స్పర్శకాలు సన్నగా, చివరికి సూదిలా తేలతాయి, వాటికి ఈకల్లాంటి చీలికలు ఉండవు. పుల్లతో తాకితే పువ్వంతా ఒక్క క్షణంలో కన్నంలోకి ముడుచుకుపోతుంది. ఈకలాగా చీలికలున్న కిరీటం, కింద తోలు గొట్టం ఉంటే అది గొట్టపు పురుగు. నీటిని వడకట్టి బతికే నిరపాయమైన జీవి, ముడుచుకున్నప్పుడు గొట్టంలోకి పోతుంది. స్పర్శకాలు పొట్టిగా, చివర పూసలాగా ఉబ్బి, ఆకుపచ్చ మెరుపుతో ఉంటే మజానో అనిమోన్. అదీ పగడాలను కుడుతుంది, పరుచుకుంటుంది.

ఐప్టేసియాను గోటితో గీకడం, కత్తితో కోయడం చేయకూడని పని. దాని పాదం అంచు నుంచి చీలిన చిన్న తునక కూడా కొత్త అనిమోన్‌గా పెరుగుతుంది. ఒకటి కోస్తే పది మొలుస్తాయన్నది సామెత కాదు, దాని శరీర ధర్మమే. ఇంత సులభంగా పెరుగుతుంది, పగడాల్లాగే తన కణాల్లో నాచును పోషించుకుంటుంది గనుకనే పగడాలకూ నాచుకూ మధ్య బంధాన్ని అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు దీన్నే ప్రయోగశాలల్లో పెంచుతారు. ఇంటి తొట్టెలో మాత్రం రెండు దారులు పనికొస్తాయి. నోటి దగ్గర సిరంజితో చిక్కటి సున్నపు ముద్ద పెట్టి మూసేయడం ఒకటి. దాన్ని తినే జీవిని దింపడం రెండోది. లిస్మాటా జాతి పెప్పర్‌మింట్ రొయ్య కొన్నిసార్లు తింటుంది, కొన్నిసార్లు మేతకు అలవాటుపడి మానేస్తుంది. బెర్ఘియా అనే చిప్పలేని నత్త ఐప్టేసియాను తప్ప మరేదీ తినదు. పని పూర్తయ్యాక ఆకలితో చస్తుంది కనుక దాన్ని మరొకరి తొట్టెకు పంపాల్సిన బాధ్యత తెచ్చినవారిదే.

‘టక్’ చప్పుడు వినగానే చాలామంది చేపలను వేటాడే మాంటిస్ రొయ్య వచ్చిందని రాళ్లన్నీ పీకేస్తారు. చప్పుడు ఒక్కటే సాక్ష్యంగా సరిపోదు. పిస్టల్ రొయ్య కూడా అదే చప్పుడు చేస్తుంది. దానికి ఒక గోరు రెండోదానికన్నా బాగా పెద్దది. ఆ గోరు మూసినప్పుడు నీటిలో ఏర్పడే బుడగ పగిలిన శబ్దమే మనకు వినిపించేది. అది గొయ్యి తవ్వి గోబీ చేపతో కలిసి కాపురం చేయగలదు, పగడాలకు పెద్దగా హాని లేదు. మాంటిస్ రొయ్య ముందు కాళ్లు గొల్లభామ చేతుల్లా మడిచి ఉంటాయి. కాడల మీద నిలిచిన రెండు కళ్లు దేనికది విడిగా తిరుగుతాయి. మన మరపడవల వలల్లో చెత్తచేపతో కలిసి పడి, ఒడ్డున ఏరి పారేసే చదునైన రొయ్య దీని బంధువే. దాన్ని చేత్తో పట్టుకుని దెబ్బతిన్నవారికి పరిచయం అక్కరలేదు. రాతిలో దాగే రకాల్లో కొన్ని ఈటెలతో గుచ్చేవి, కొన్ని సుత్తితో మోదేవి. మోదే రకం దెబ్బ వేగం సెకనుకు 20 మీటర్లు దాటుతుందని కొలిచారు. నత్తల చిప్పలు పగిలి పడుతుంటే, చేపలు ఒక్కొక్కటిగా మాయమవుతుంటే, రాతిలో గుండ్రని కన్నం ఉండి లోపల రెండు కళ్లు తిరుగుతుంటే అప్పుడు నమ్మవచ్చు. అప్పుడు కూడా చంపడం కన్నా కన్నం ఉన్న రాయిని తీసి వేరే టబ్బులో పెట్టడం సులువు. విడిగా పెంచితే అంతకన్నా తెలివైన, చూడముచ్చటైన జీవి దొరకదు.

పీతల విషయంలో గోళ్లే గుర్తింపు కార్డు. గోరు కొన చెంచాలా గుంటపడి ఉంటే నాచు గీరి తినేదని, సూదిగా ఉంటే కండ పీకి తినేదని మోటుగా చెప్పవచ్చు. ఒంటి నిండా వెంట్రుకలు, గోళ్ల కొసలు నల్లగా, కళ్లు ఎర్రగా ఉన్న బలిష్ఠమైన పీతను అనుమానించాలి. అది పెరిగేకొద్దీ చేపల మీదికి పోతుంది. అయినా నలుపు కనిపించిందని తొందరపడితే నష్టమే. కొమ్మల పగడాల మధ్య బతికే ట్రపీజియా పీత గోటి చివర కూడా రంగు మారి ఉండవచ్చు. అది తన పగడాన్ని తినవచ్చిన నక్షత్ర చేపతో పోట్లాడి తరిమే కాపలాదారు. ఎక్కడ ఉందన్నది కూడా గుర్తింపులో భాగమే. పట్టుకోవడానికి వలలు, కర్రలు వద్దు. గాజు గ్లాసులో రొయ్య ముక్క వేసి రాతికి ఆనించి ఏటవాలుగా పెడితే రాత్రి పీత లోపలికి జారుతుంది, నున్నటి గాజు మీద ఎక్కి బయటికి రాలేదు.

నత్తల్లో చిప్ప నోటి దగ్గర చూడాలి. నోరు గుండ్రంగా మూసి ఉంటే చాలావరకు నాచు తినేవి. నోటి అంచున గాడి, గొట్టంలా సాగిన ముక్కు ఉంటే వాసన పట్టి వేటాడేదనో, కళేబరం వెతికేదనో అనుకోవచ్చు. ఈ సూత్రానికి మినహాయింపులున్నాయి. సెరిత్ నత్తకు గాడి ఉన్నా నాచే తింటుంది. శంకువులా సాఫుగా, నగిషీ చెక్కినట్లు అందంగా ఉన్న కోన్ నత్త దొరికితే మాత్రం ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, దాని విషపు ముల్లు మనుషులను చంపిన సందర్భాలున్నాయి. రాతికి అంటిన తెల్లని సున్నపు చుట్ట మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లు ఉండి అద్దం మీద చుక్కల్లా పరుచుకుంటే స్పైరోర్బిడ్ పురుగులు, వదిలేయవచ్చు. గొట్టం వంకరటింకరగా పైకి లేచి, దాని నోటి నుంచి సాలెగూడులా జిగట దారాలు నీటిలో తేలుతుంటే వెర్మెటిడ్ నత్త. ఆ దారాలు తగిలిన పగడం ముడుచుకుపోతుంది. గొట్టం నోరు జిగురుతో మూసేస్తే సరి.

నూకలంత పురుగుల్లో రెండు తెగలను వేరు చేయగలిగితే చాలు. ఒళ్లు రెండు పక్కల నుంచి అదిమినట్లు ఉండి, పక్కకు ఒరిగి ఈదితే యాంఫిపాడ్. చేపలకు మేత, తొట్టెకు సంపద. ఒళ్లు పైనుంచి అదిమినట్లు చదునుగా ఉంటే ఐసోపాడ్. అందులో ముట్టుకోగానే రోకలిబండలా చుట్టుకునేది మంచిది. నున్నగా, వేగంగా ఈదుతూ, తలకు ఇరువైపులా పెద్ద కళ్లున్న సిరోలానిడ్ రకం చేప మీద వాలి రక్తం పీలుస్తుంది. దీన్ని మాత్రం ఉపేక్షించకూడదు. గోటంత నక్షత్ర చేపలు, ఒక చేయి పొడుగ్గా ఒక చేయి పొట్టిగా ఉన్నవి, ఆస్టెరినాలు. తమను తాము రెండుగా చీల్చుకుని పెరుగుతాయి కనుక చేతులు సమంగా ఉండవు. ఎక్కువ రకాలు పొర నాచు తింటాయి, కొన్నింటి మీద పగడాలు తిన్నాయన్న ఫిర్యాదు ఉంది. ఒక పగడం మీద రోజుల తరబడి కూర్చుని, లేచిన చోట తెల్లమచ్చ మిగిల్చితే అప్పుడు తీసేయాలి.

వరి పండించే ఊళ్లలో ఈ తర్కం అందరికీ తెలిసినదే. చేలో పురుగు కనిపించిందని మందు కొట్టే రోజులు పోవాలని వ్యవసాయ అధికారులు ఏళ్లుగా చెబుతున్నారు. అక్షింతల పురుగు, సాలీడు మిత్ర పురుగులు. వాటిని చంపితే పైరును పీల్చే దోమ విజృంభిస్తుంది. తొట్టె కూడా అలాంటి చేనే. రాయిని మంచినీటిలో ముంచి అన్నింటినీ చంపేస్తే చచ్చిన వాటి కుళ్లుతో అమ్మోనియా ఎగబాకుతుంది, ఖాళీ అయిన చోటును మొదట ఆక్రమించేది ఐప్టేసియా లాంటి మొండి ఘటమే. శూకపురుగులు ఒక్కసారిగా వందలైతే వాటి మీద యుద్ధం ప్రకటించేముందు మేత డబ్బా వంక చూడాలి. తిండి ఎంత మిగిలితే అవి అంత పెరుగుతాయి. మేత తగ్గిస్తే నెలలోనో రెండు నెలల్లోనో వాటంతట అవే పలచబడతాయి. చెరువులో మేత పరీక్షకు దించే పళ్లెంలో, అంటే చెక్‌ట్రేలో, మిగిలిన మేతను చూసి తర్వాతి పూట మోతాదు దించడం తెలిసినవారికి పురుగుల సంఖ్యే ఇక్కడ చెక్‌ట్రే.

ఓపిక పట్టమని ఇంతసేపు చెప్పినా, ఒక విషయంలో మాత్రం ఆలోచించకుండా వెనక్కి తగ్గాలి. పురుగులన్నీ పోతాయని రాయిని మరిగించే సలహా ఎవరిచ్చినా వినకూడదు. రాతి మీద తోలు గుండీల్లా గోధుమ రంగులో గుంపుగా ఉండే పాలీథోవా అనే జంతువుల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. హవాయి దీవుల జీవి నుంచి 1971లో దీన్ని వేరు చేశారు. ప్రోటీన్ కాని విషాల్లో ఇంత తీవ్రమైనవి చాలా తక్కువ. అలాంటి రాయిని మరిగించినా, వేడినీళ్లతో రుద్ది కడిగినా విషం ఆవిరితో, తుంపరతో గాలిలో కలుస్తుంది. ఇంట్లోవాళ్లంతా ఊపిరాడక, జ్వరంతో, నోట్లో చేదు లోహపు రుచితో ఆసుపత్రి పాలైన ఘటనలు వివిధ దేశాల్లో వైద్యులు నమోదు చేశారు. పెంపుడు కుక్కలు, చిన్నపిల్లలు తిరిగే గదిలో ఈ పని చేయడం కన్నా ప్రమాదం మరొకటి లేదు. పాలీథోవా ఉన్న రాయిని నీటిలోనే ఉంచి, చేతొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని పని చేయాలి. పుండున్న చేయి అసలు పెట్టకూడదు.

ఇక తీసేసిన జీవిని ఏం చేయాలన్న ప్రశ్న ఉంది. ప్రాణం తీయడం ఇష్టం లేక కాలువలోనో సముద్రంలోనో వదిలేసేవారు ఉన్నారు. మనసు మంచిదే, పని మాత్రం చాలా చెడ్డది. అక్వేరియంలలో పెంచే కౌలెర్పా నాచు 1984లో మొనాకో తీరంలో చిన్న మడిగా కనిపించి, తర్వాత మధ్యధరా సముద్రంలో వేల ఎకరాలు ఆక్రమించింది. మన దగ్గర ప్రమాదం ఇంకా దగ్గరిది. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు నెల్లూరు చెరువులు ఎలా ఎండిపోయాయో అప్పటి రైతులు మరచిపోలేదు. ఆ వైరస్‌ను పీతలు, రొయ్య జాతి జీవులన్నీ మోయగలవు. అందుకే చెరువు చుట్టూ పీతలు రాకుండా వల కంచె కడతారు, పైన పక్షులు వాలకుండా దారాలు లాగుతారు. అందుకే విదేశీ రొయ్య వనామి సాగుకు 2009లో అనుమతి ఇచ్చినప్పుడు విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలు ముందు చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో గడపాలన్న నియమం పెట్టారు. అంత కట్టుదిట్టం చేసిన ఊళ్ల మధ్య, ఎక్కడి సముద్రానిదో తెలియని పీతను బకింగ్‌హాం కాలువలో విడిచిపెట్టడం పొరుగువాడి చెరువు గట్టు తెంచడంతో సమానం. విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు, కొత్తపట్నం మండలాల్లో చెరువులకు నీరు తోడుకునేది ఆ సముద్రం నుంచి, ఆ కాలువల నుంచే.

కొత్తగా వచ్చిన రాయి, నాచు, పగడపు బిళ్ల ఏదైనా నాలుగు నుంచి ఆరు వారాలు వేరే టబ్బులో, చిన్న గాలి మోటారుతో, దానికంటూ విడి గరిటె, విడి వలతో ఉంచాలి. ఆ వారాల్లో రోజూ రాత్రి పది నిమిషాలు ఎర్ర వెలుతురులో చూసి, కనిపించినదాన్ని తేదీ, పొడవు, కాళ్ల లెక్క, ఏం తింటోందన్న నాలుగు ముక్కలతో రాసి పెట్టుకుంటే, నెల తిరిగేసరికి రాతిలో ఎవరెవరున్నారో జనాభా లెక్కలా తేలుతుంది. టబ్బు నీరు మార్చేటప్పుడు పాత నీటిని మోరీలో పోయకుండా బకెట్టులో పట్టి, హేచరీలో చేసినట్లే బ్లీచింగ్ పౌడరు కలిపి ఒక రోజంతా ఉంచి, తర్వాత కాలువకు దూరంగా నేల మీద పారబోయాలి.